టిక్కులు

బాలస్వామి మెడికల్‌ల ఫ్రిజ్జు తలుపు తీస్తే
సల్లగాలి ముందుగాల నా మొఖానికే తాకుతది.
ఆ దుకాణంల ఆ గాలి ఒక్కటే ఉత్తగ.

పెన్నంత సూది. నాలుగు వారాలకు నాలుగు పోట్లు.
ధర జెప్పేటప్పుడు బాలస్వామి నన్ను సూడడు,
కాలిక్యులేటర్ను సూస్తడు.
"నీకని తగ్గిస్తున్న ఈదమ్మక్కా, డిపో మనిషివి గదా."
తగ్గినంక గూడ పదివేలు.

నేను కల్వకుర్తి డిపోల కండక్టర్ను.
పొద్దుగాల అయిదింటి బస్సు,
మిడ్జిల్, జడ్చర్ల, మహబూబ్‌నగర్.
ఆధార్ కార్డు సూస్త, మిషిను నొక్కుత,
జీరో టికెట్, జీరో టికెట్, ఇంకొక జీరో టికెట్,
పత్తి ఏర వోయే అమ్మలకు, కాలేజీ పోరిలకు,
సంకల పిల్లతోని పెద్దాసుపత్రికి వోయే బాలింతకు.
దినమంత సున్నలు చింపి ఇచ్చే చేతికి
మందుల బిల్లు మీద గూడ అవే సున్నలు.
ముందర ఒకటి నిలవడ్డది, అంతే.

"నడువాలమ్మా" అన్నడు డాక్టర్.
నడిచేది బస్సు సార్, నేను గాదు.
"బరువు తగ్గితే షుగర్ దారికొస్తది" అన్నడు.
డిస్పెన్సరీల గోలీలు ఉత్తగనే ఇస్తరు.
ఈ సూది పేరు సదివి, వాళ్ల లిస్టు సదివి,
మల్లొకసారి పేరు సదివి
"ఇది రాదు" అని చీటి మలిచి నా చేతుల వెట్టిన్రు.

మొదటి నెల కమ్మలు.
రెండో నెల సొసైటీ లోను.

పెన్ను కొసకు తిప్పే మర ఉంటది.
టిక్కు, టిక్కు, టిక్కు.
వేలు తిప్పుతుంటే మనసు చిల్లర లెక్కవెడతది.
ఒక్కొక్క టిక్కుకు ముప్పై మూడు రూపాయలు,
ఇంచుమించు మొగోళ్ల మిడ్జిల్ టికెట్టు.

మందు పనిజేసింది, అబద్ధమెందుకు.
సద్ది డబ్బ మూత తీస్తే జొన్నరొట్టె పరాయిదాని లెక్క సూసింది.
డ్రైవర్ జంగయ్య నా వంకాయ కూర గూడ ఊడ్చిండు.
ఖాకీ అంగి నడుము కాడ రెండు వేళ్లంత వదులైంది.

గప్పుడే మా అవ్వ యాదికొచ్చింది.
అవ్వకు ఆకలిని సంపుడు వచ్చు.
కరువుల కాలువ తవ్వ వోయి
తడిగుడ్డ కడుపుకు బిగ్గిత్తుగ కట్టి
ఏంచిన చింతగింజ బుగ్గల వెట్టుకొని
పొద్దుగూకే దాక సప్పరించేదట, ఒకటే గింజ.
అవ్వకు ఎవ్వరూ చీటి రాయలే.

అవ్వా, ఆకలి కాకుంట నెలకు పదివేలు వెడుతున్న
అని చెప్తే నవ్వుతుండె.
పండ్లు లేని నోటితోని, శానసేపు.
ఆ నవ్వు తలుసుకుంటే
నాకెందుకో దొంగతనం జేసినట్లనిపిస్తది.

మూడో నెల చిన్నదాని నర్సింగు ఫీజు వచ్చిపడ్డది.
ఫ్రిజ్జు తలుపు తీయనియ్యలే.
"సగం టిక్కులు తిప్పుకోరాదక్కా, కొందరు గట్లనే ఎల్లదీస్తరు"
బాలస్వామి గొంతు తగ్గించిండు.
సగం టికెట్టు పన్నెండేండ్ల లోపు పోరగాండ్లకే తమ్మీ, అన్న.
ఇద్దరం నవ్వినం. ఇద్దరం ఆపినం.

మూడు వారాలకు ఆకలి మల్ల ఎక్కింది,
జడ్చర్ల కాడ, బస్సు ఆగకముందే, వెనుక మెట్టు వట్టుకొని.
సీదా నా సీటు కాడికే వచ్చింది.
ఆధార్ సూపియ్యలే.
నేనడుగలే.

ఇయ్యాల మిడ్జిల్‌ల ఒక ముసలవ్వ ఎక్కింది,
కొంగుల ఉడకవెట్టిన పల్లికాయ.
కార్డు దేవులాడుకుంట రెండు పిడికిళ్లు నా ఒళ్లె పోసింది.
"తిను బిడ్డా, కండ్లు లోపలికి వోయినయి."

పల్లికాయ తింటే షుగర్ ఎంతవుతదో నేను డాక్టర్ను అడుగలే.
ఒక్కొక్కటి వేళ్ల నడుమ ఒత్తితే
టిక్కు
టిక్కు
పదకొండు దాక లెక్కవెట్టిన.
ఇంతల ఎవరో దిగుతమన్నరు.